మన బిడ్డకి మనమే కోచ్ అయితే: సమస్య – పరిష్కారం

మా కోనసీమలో షటిల్ ఆడటానికి పెద్ద ఏర్పాట్లేం అక్కర్లేదండి. కొబ్బరిచెట్ల మధ్య నేల చదును చేసి, ముగ్గుపిండితో గీతలు గీసి, రెండు సరుగుడు కర్రలకి నెట్ కట్టేస్తే కోర్టు అయిపోతుంది. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల స్వర్ణం కొట్టి, డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాక, తెల్లారకుండానే పిల్లల్ని బండెక్కించుకుని కోర్టుకి వచ్చే అమ్మానాన్నలు ఎక్కువయ్యారు. పల్లెటూళ్లో కోచ్ దొరకడు. రోజూ టౌనుకి తిప్పడం అందరి వల్లా కాదు. అందుకని ఎప్పుడో కాలేజీ టీములో ఆడినవాళ్లం మనమే నేర్పడం మొదలుపెడతాం. నేనూ అలాగే మా అమ్మాయికి ఏడో ఏట బ్యాటు పట్టించి, ఆరేళ్లు నేర్పాను.

ఆ ఆరేళ్లలో నేను చేసిన పొరపాట్లు, పక్క ఊళ్ల తల్లిదండ్రులు వచ్చి అడిగినవి కలిపి రాస్తున్నాను. ఆటలో ఏదైనా తేడా కనిపిస్తే నేను ఒక వరుసలో వెతుకుతాను: ముందు కళ్లు, తర్వాత బ్యాటు, గాలి, ఒళ్లు, నిద్ర, ఆ తర్వాత మన నోరు. పిల్లకి బద్ధకం అనే అనుమానం అన్నిటికన్నా ఆఖరున రావాలి. మనం కన్నవాళ్లం కాబట్టి మనకి మొదట అదే వస్తుంది.

షటిల్ బ్యాటుకి తగలడం లేదు, లేదా ఫ్రేముకి తగులుతోంది

మా కోర్టుకి పదకొండేళ్ల అబ్బాయి వచ్చేవాడు. "షటిల్ మీద ధ్యాస పెట్టరా" అని వాళ్ల నాన్న రోజూ అరుపులే. ఒక రోజు టాస్ (ఎత్తుగా వేసిన షటిల్) పైకి లేచినప్పుడల్లా వాడు ఎడమకన్ను చికిలించడం చూశాను. వాణ్ణి వెనకగీత మీద నిలబెట్టి, అవతలి వెనకగీత మీద నేను నిలబడి మూడు వేళ్లు చూపించాను. మధ్యలో ఉన్నది 13.4 మీటర్లు. "రెండు, మాస్టారూ" అన్నాడు. నాలుగు చూపిస్తే కాసేపు ఆలోచించి మూడన్నాడు. మర్నాడు కళ్ల డాక్టరుకి చూపిస్తే రెండు కళ్లకీ సైటు ఉందన్నారు. ఆ నాన్న ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఇంటి దగ్గరే చేసుకోగలిగిన పరీక్ష ఇది. ఇందులో తేడా వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లండి, బడిలో బోర్డు కనిపిస్తోందా అని కూడా అడగండి. కళ్లజోడుకి వెనక తాడు కట్టుకుని చక్కగా ఆడుకోవచ్చు.

కళ్లు బాగుంటే బ్యాటు చూడాలి. మన పాత బ్యాటే పిల్ల చేతికి ఇచ్చేస్తాం. తల బరువుగా ఉన్న బ్యాటు, అందులోనూ 26, 27 పౌన్ల బిగువుతో కట్టిన గట్టింగు (బ్యాటు తీగలు), చిన్న మణికట్టుకి బరువు. షటిల్ వెనక్కి వెళ్లక పిల్ల భుజంతో నెట్టడం అలవాటు చేసుకుంటుంది, ఆ అలవాటు మాన్పించడానికి ఏడాది పడుతుంది. పిల్లలకి 20, 22 పౌన్లు చాలు. పదేళ్లలోపు అయితే పొడవు తక్కువున్న పిల్లల బ్యాటు కొనండి. మన ఉక్కకి అరచెయ్యి చెమటపట్టి బ్యాటు జారుతుంది, జారుతుందని బిగించి పట్టుకుంటారు, బిగిస్తే మణికట్టు తిరగదు. గ్రిప్పు నల్లగా నునుపు తేలిందంటే మార్చేయడమే.

ఆరుబయట ఆడేవాళ్లయితే గాలి. సాయంత్రం పైరగాలి మొదలయ్యాక ఈక షటిల్ చెప్పినచోట పడదు. ఆ పూట నైలాన్ షటిల్‌తో సర్వీసు, నెట్ దగ్గర ఆట మాత్రం చేయించండి. వెనకకోర్టు ఆట తెల్లవారుఝామునే.

ప్రతి పాయింటు అయ్యాక మన వైపే చూస్తుంది

మనం ప్రతి పాయింటుకీ ఏదో ఒకటి చెబుతున్నాం కాబట్టి. అవతలి పిల్ల ఎక్కడ నిలబడిందో చూడాల్సిన కళ్లు మన మొహం మీద ఉంటున్నాయి. మనం పెదవి విరిస్తే తర్వాతి సర్వీసు నెట్‌కి పోతుంది.

షటిల్ ఆటలో ఉండగా బయటినుంచి చెప్పడం నిబంధనల ప్రకారం ఎలాగూ కుదరదు. 21 పాయింట్ల గేములో 11 దగ్గర 60 సెకన్ల విరామం ఉంటుంది, గేముకీ గేముకీ మధ్య 120 సెకన్లు. మీ మాట అక్కడే చెప్పాలి, అదీ ఒక్కటే. మొదటి 20 సెకన్లు నీళ్లు తాగనివ్వండి. తర్వాత "ఆ అమ్మాయి బ్యాక్‌హ్యాండ్ వైపు ఆలస్యంగా వస్తోంది, అటు వెయ్యి" లాంటి మాట ఒకటి. మూడు చెబితే ఒక్కటీ గుర్తుండదు. ఇది ప్రాక్టీసులోనే అలవాటు చేయాలి: 11 వచ్చేదాకా మీరు కుర్చీలోంచి లేవకూడదు, నోరు విప్పకూడదు. నాకు మొదటి వారం చాలా కష్టమైంది. రెండో వారానికి మా అమ్మాయి తనలో తనే "ఎత్తుగా వెయ్యి, ఎత్తుగా" అనుకోవడం వినపడింది.

ఓడిపోయాక ఇంటికొచ్చేదాకా మాట్లాడదు

ఇది నా విషయమే. పాపకి పదేళ్లప్పుడు రాజమండ్రిలో ఒక టోర్నమెంటుకి తీసుకెళ్లాను. రెండో రౌండులో, మూడో గేము 21–19తో పోయింది. బండి స్టార్టు చేసినప్పుడు మొదలుపెట్టాను. వేమగిరి దాటాను, కడియం నర్సరీలు దాటాను, సర్వీసు గురించే చెబుతున్నాను. జొన్నాడ దగ్గర "నాన్నా, బొండాం తాగుదామా" అంది. "ముందు ఇది విను" అన్నాను. గౌతమి బ్రిడ్జి మీద ఎక్కడో గమనించాను. వెళ్లేటప్పుడు నా నడుం చుట్టూ చేతులేసి కూర్చున్న పిల్ల, వచ్చేటప్పుడు సీటు వెనక కడ్డీ పట్టుకుంది. రావులపాలెంలో బండి ఆపి బొండాం కొట్టించాను. తాగింది గానీ, నా మొహం చూడలేదు.

పిల్లకి ఆ టైములో ఓటమి కంటే నాన్న దొరక్కపోవడం ఎక్కువ బాధ. కోర్టులో కోచ్ ఉన్నాడు, బండి మీదా కోచే ఉన్నాడు, ఇంటికెళ్తే కంచం ముందు కూడా కోచే కూర్చుంటాడు. ఓడిపోయి ఏడవాలంటే ఎవరి దగ్గరికి వెళ్తుంది?

మర్నాటి నుంచి ఇంట్లో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. కోర్టులో నెట్ విప్పగానే ఆట మాట బంద్. బండి మీద, అన్నం దగ్గర, పడుకునేముందు తను అడిగితే తప్ప నేను ఎత్తను. మ్యాచ్ గురించి మాట్లాడటం మర్నాడు ప్రాక్టీసు ముందు పది నిమిషాలు, కోర్టు గట్టు మీద కూర్చుని. మొదట తను చెప్పాలి, తర్వాతే నేను. ఆ పది నిమిషాల్లో నేను రాసుకెళ్లిన ఎనిమిది తప్పుల్లో అయిదు తనే చెప్పేసేది. కోర్టులో ఉన్నంతసేపు నెత్తిమీద టోపీ పెట్టుకునేవాణ్ణి, బయటికి రాగానే తీసి సంచిలో పెట్టేసేవాణ్ణి. ఇది చిన్నపిల్లలకి బాగా పనిచేస్తుంది. మా పాప నాలుగైదు సార్లు తనే టోపీ లాగేసింది, ఇంక చాలు నాన్నా అని.

మీరు గెలిచినరోజు ఐస్‌క్రీం కొనిపెట్టి, ఓడినరోజు కొనకపోతే, పిల్లకి లెక్క అర్థమైపోతుంది. రెండురోజులూ కొనండి, లేదా రెండురోజులూ మానండి.

మనం చెబితే వినదు, అదే మాట వేరే మాస్టారు చెబితే వింటుంది

పది దాటాక చాలామందిలో వస్తుంది. కోపం తెచ్చుకోవద్దు. మా దగ్గర ఇద్దరు నాన్నలం పిల్లల్ని మార్చుకున్నాం: వాళ్లబ్బాయికి నేను, మా అమ్మాయికి ఆయన, వారానికి మూడు రోజులు. అదే ఫుట్‌వర్కు, అవే మాటలు. నెలలో తేడా కనిపించింది.

మిగతా పిల్లలు గుసగుసలాడుతున్నారు

"మాస్టారి అమ్మాయి కదా, అందుకే టోర్నమెంటుకి పంపుతున్నారు" అన్న మాట మన చెవిన పడేసరికి ఆర్నెల్లు ఆలస్యం అయి ఉంటుంది. ఆ మాట రాకూడదని కొందరు ఎదురు తప్పు చేస్తారు, నేనూ చేశాను. పదిమంది చేసిన తప్పుకి మన పిల్లనే తిడతాం, కోర్టు చుట్టూ పరుగులు మన పిల్లకే ఎక్కువ వేస్తాం. మనకి న్యాయంగా ఉన్నట్టు అనిపిస్తుంది, పిల్లకి మాత్రం అన్యాయమే.

ఎవర్ని పంపాలో మీరు తేల్చొద్దు. నెలకోసారి అందరితో అందరికీ మ్యాచులు పెట్టి, స్కోరు వేరొకళ్లచేత రాయించి, ఆ కాగితం గోడకి అంటించండి. స్కూలు క్రీడల్లో అండర్–14, 17, 19 విభాగాలుంటాయి కాబట్టి పట్టికలు కూడా అలాగే విడివిడిగా వేస్తే మంచిది.

మోకాలు నొప్పంటుంది, పరీక్షలముందు నాటకమేమో

నాటకం అనుకోకండి. మోకాలిచిప్పకి కాస్త కింద, ముందువైపు ఎముక మీద వేలితో నొక్కి చూడండి. అక్కడ చిన్న బొడిపెలా ఉండి, నొక్కితే ఉలిక్కిపడితే, డాక్టర్లు దాన్ని ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు. ఒక్కసారిగా పొడుగు సాగే వయసులో, ఆడపిల్లలకి పది నుంచి పదమూడు, మగపిల్లలకి పన్నెండు నుంచి పదిహేను మధ్య ఎక్కువ. తొడకండరం బిగుసుకుపోయి, ఇంకా గట్టిపడని ఎముక కొనని లాగుతూ ఉంటుంది. సిమెంటు కోర్టు మీద గెంతులు, లంజ్‌లు (కాలు ముందుకి చాచి వంగడం) దాన్ని పెంచుతాయి. మడమ వెనక నొప్పి కూడా ఇలాంటిదే.

కొన్ని వారాలు గెంతులు, స్మాష్‌లు ఆపి, నిలబడి ఆడే సర్వీసు, నెట్ ఆట చేయించండి. ఆట అయ్యాక గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టండి. తొడకండరాలు మెల్లగా సాగదీయించాలి. చెప్పులతో, ఉత్తికాళ్లతో సిమెంటు మీద ఆడనివ్వొద్దు. కుంటుతున్నా, వాచినా, రాత్రిళ్లు నొప్పితో లేస్తున్నా, జ్వరం ఉన్నా ఎముకల డాక్టరుకి చూపించాల్సిందే.

నెలలో రెండు మూడు రోజులు రానంటుంది

కూతుళ్లకి నేర్పే నాన్నలు ఇది జాగ్రత్తగా వినాలి. పిల్ల చెప్పుకోలేదు, మనం కారణం అడిగి అడిగి అబద్ధాలు ఆడిస్తాం. వాళ్లమ్మ చేత ఒక్కసారి చెప్పించండి: "ఈ రోజు వద్దు నాన్నా" అంటే చాలు, నాన్న ఇంకేం అడగడు అని. ఆడతానంటే ఆడనివ్వండి, ఆపక్కర్లేదు. టోర్నమెంటుకి వెళ్లేచోట బాత్రూము ఎలా ఉందో మీరు ముందే చూసి రావాలి.

పావుగంటకే నీరసపడుతుంది

రాత్రి తొమ్మిదిదాకా ట్యూషను, తెల్లవారి అయిదుకి కోర్టు. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి 9 గంటలు తక్కువకాకుండా నిద్ర కావాలి. లెక్క మీరే వేసుకోండి. వారంలో రెండు పొద్దుటిపూటలు కోత పెడితే ఆట తగ్గదు. మే నెలలో ఎనిమిది దాటాక ఎండలో ఆడించొద్దు.

మానేస్తానంటుంది

వారం ఆగి, ఇంకోసారి అడగండి. ఏం మానాలనుందో విడదీసి అడగండి: ఆటా, టోర్నమెంట్లా, మీ దగ్గర నేర్చుకోవడమా? చాలాసార్లు మూడోదే బయటికొస్తుంది. ఆటే వద్దంటే ఒప్పుకోవాలి. పి.వి. సింధు అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లు, నాన్న రమణ గారికి అర్జున అవార్డు కూడా వచ్చింది. కూతురు మాత్రం షటిల్ ఎంచుకుంది.

ఏడాదిగా ఆట ఉన్నచోటే ఉంది

మనకి తెలిసింది అయిపోయిందన్నమాట. సాత్విక్ వాళ్ల నాన్న కాశీ విశ్వనాథం గారు రాష్ట్రస్థాయిలో ఆడినవారు, వ్యాయామ ఉపాధ్యాయులుగా పనిచేసినవారు. అంత తెలిసినాయన ఇంట్లో ఉండి కూడా కొడుకు 2014లో హైదరాబాదు గోపీచంద్ అకాడమీకి వెళ్లాడు. కృష్ణా జిల్లా గుడివాడ అమ్మాయి కోనేరు హంపికి తండ్రి అశోక్ గారే గురువు, ఆయన శిక్షణలోనే 2002లో 15 ఏళ్లకి చెస్ గ్రాండ్‌మాస్టర్ అయ్యింది. రెండు దారులూ ఉన్నాయి. రెండోదానికి ఆ తండ్రి ఉద్యోగం వదిలి పూర్తికాలం కూర్చున్నారు. వరిచేను, కొట్టు, ఆఫీసు చూసుకుంటూ పొద్దున గంట నేర్పేవాళ్లం మనం.

కొత్త కోచ్‌కి అప్పగించేటప్పుడు ఒక కాగితం రాసివ్వండి: ఏ మోకాలు ఎప్పుడు నొప్పి చేసింది, కళ్లజోడు పవరెంత, గట్టింగు ఎన్ని పౌన్లు, ఏది చెబితే ఏడుస్తుంది, ఏది చెబితే నవ్వుతుంది. ఆట ఎలా మార్చాలో అందులో రాయొద్దు. మొదటి నెల గేటు దగ్గర దింపి వచ్చేయండి. తీసుకురావడానికి వెళ్లినప్పుడు, ఏం నేర్పారని కాకుండా, ఆకలేస్తోందా అని అడగండి.