కోనసీమ నుంచి గల్ఫ్‌లో పనికి వెళ్ళడం ఎలా?

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఏ వీధిలోకి వెళ్ళినా కువైట్‌లోనో మస్కట్‌లోనో మనిషి ఉన్న ఇల్లు కనిపిస్తుంది. నేను పదకొండేళ్ళు కువైట్‌లో డ్రైవర్‌గా చేసి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి ఊళ్ళో ఎవరు బయల్దేరుతున్నా కాగితాలు నా దగ్గరికి తెస్తారు. అందరిదీ ఒకటే తప్పు. మెడికల్ గురించీ టికెట్ గురించీ పది రోజులు టెన్షన్ పడతారు. వీసా కాగితంలో ఏముందో మాత్రం రెండు నిమిషాలు కూర్చుని చూడరు.

మొదటిది పాస్‌పోర్టు. 36 పేజీలదానికి ఫీజు 1500 రూపాయలు. మనకు భీమవరంలో సేవా కేంద్రం ఉంది. పదో తరగతి పాసైనవాళ్ళు సర్టిఫికెట్ తప్పకుండా పెట్టండి. పెట్టకపోతే ఈసీఆర్, అంటే ‘ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్’ పాస్‌పోర్టు వస్తుంది. అప్పుడు కువైట్, సౌదీ, ఖతార్ లాంటి 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వం నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. ఇంటిపేరు పొడి అక్షరంతో సరిపెట్టకుండా పూర్తిగా, దాని గడిలో రాయించండి. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్ళను విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులోనే చెప్పింది. పెళ్ళయిన ఆడవాళ్ళకు పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు ఉంటాయి. అప్లికేషన్ పెట్టకముందే ఆ రెండూ ఒకటి చేయించుకోండి.

రెండోది ఏజెంటు. విదేశాంగ శాఖ వాళ్ళ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో రిజిస్టరైన ఏజెంట్ల జాబితా ఉంటుంది. ఆ పేరు, లైసెన్సు నంబరు అందులో లేకపోతే మాట్లాడటం ఆపేయండి. లైసెన్సు ఉన్నవాడు తీసుకోవాల్సిన సర్వీసు చార్జీ గరిష్ఠంగా 30 వేలు, దాని మీద జీఎస్టీ. రసీదు ఇవ్వాలి. ‘సబ్ ఏజెంటు’ అనే మాట చట్టంలో లేదు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా మనుషులను పంపడం నేరం. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండాలి. వాళ్ళను ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు, ఓంక్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలి. మా బావమరిది పంపిస్తాడు, మా పిన్ని కొడుకు చూసుకుంటాడు అంటారు. చుట్టం పంపిన వీసా అయినా చదవాల్సిందే. చుట్టరికం ఉందని అడగడానికి మొహమాటపడతారు కాబట్టి, దాన్ని ఇంకా జాగ్రత్తగా చదవాలి.

ఇక మూడోది, వీసాను కాంట్రాక్టుతో సరిచూసుకోవడం. ఇక్కడ తొందర పనికిరాదు.

ముందు ప్రింటు తీయించండి. సెల్‌ఫోన్‌లో చూసి సరే అనకండి. వేలితో పెద్దది చేసి చూస్తున్నప్పుడు పక్కనున్న గడి తెర మీంచి జరిగిపోతుంది. ఒక నోటుపుస్తకంలో పేజీ మధ్య గీత కొట్టి ఎడమ పక్క ‘చెప్పింది’, కుడి పక్క ‘రాసింది’ అని పెట్టండి. పేరు, పాస్‌పోర్టు నంబరు, యజమాని, పని, జీతం, పని గంటలు, వారపు సెలవు, తిరుగు టికెట్. ఈ ఎనిమిదీ ఒక్కో వరుసలో రాయండి. ఏజెంటు నోటితో చెప్పింది ఎడమ పక్క, కాగితంలో ఉన్నది కుడి పక్క. రెండు పక్కలా ఒకే మాట లేకపోతే డబ్బు కట్టకండి.

రెండేళ్ళ కిందట మా వీధి చివరింటి ఆవిడ వచ్చింది. టైలరింగ్ షాపులో పని, నెలకు 150 దినార్లు అని ఏజెంటు చెప్పాడట. ప్రింటు తీయించి చూస్తే యజమాని గడిలో కంపెనీ పేరు లేదు, ఒక మనిషి పేరుంది. పని గడిలో డొమెస్టిక్ వర్కర్ అని ఉంది. “షాపనే కదా అన్నయ్యా చెప్పారు” అంది. “చెల్లెమ్మా, ఇది ఇంటిపని వీసా. దీని మీద షాపులో కుట్టుపని చేస్తూ దొరికితే పట్టుకునేది ఏజెంటును కాదు, నిన్ను” అన్నాను. నోటుపుస్తకంలో ఆ రెండు వరుసలూ చూసుకుని చాలాసేపు మాట్లాడలేదు. వెళ్ళడం మానుకుంది. అడ్వాన్సు తిరిగి రాబట్టుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

కువైట్‌లో ఇంటిపని ఆర్టికల్ 20 కిందికి, కంపెనీ, షాపు పని ఆర్టికల్ 18 కిందికి వస్తాయి. కాగితం మీద ఆ నంబరు అరబ్బీ అంకెల్లో ఉంటే ఇలా గుర్తుపట్టండి. వాళ్ళకు సున్నా అంటే చుక్క. కాబట్టి 20 అంటే పైన కొక్కెం ఉన్న నిలువు గీత, దాని పక్కన చుక్క. 18 అంటే ఒట్టి నిలువు గీత, దాని పక్కన పూరింటి కప్పులాంటి గుర్తు. అరబ్బీ మాటలను ఫోన్ కెమెరాతో తెలుగులోకి మార్చుకుని నమ్మకండి. పేర్లు తప్పు వస్తాయి. మదరసాలో చదువుకున్నవాళ్ళో, గల్ఫ్‌లో ఆఫీసు పని చేసొచ్చినవాళ్ళో ఊళ్ళో ఉంటే వాళ్ళతో చదివించండి.

ఇంటిపనికే వెళ్ళేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఇంకోటి ఉంది. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటిపనివాళ్ళ కోసమే వచ్చింది. పని రోజుకు 12 గంటలు దాటకూడదు, వారానికి ఒక రోజు సెలవివ్వాలి, యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. కాంట్రాక్టులో దీనికి తక్కువగా ఏది రాసినా సంతకం పెట్టకండి. జీతం దినార్లలోనో రియాళ్ళలోనో రాసి ఉండాలి. రూపాయల్లో చెప్పిన జీతాన్ని నేను లెక్కలోకే తీసుకోను.

విజిట్ వీసా మీద వెళ్ళు, అక్కడికెళ్ళాక మార్పిస్తాం అంటే వెళ్ళకండి. ఆజాద్ వీసా అంటే అసలే వద్దు. అది ఒక కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చే యజమానికి డబ్బు కట్టి, అతని పేరు మీద ఉండి, ఇంకెక్కడో పని చేయడం. కఫీల్‌కు కోపం వచ్చి పారిపోయాడని కేసు పెడితే ఆ రోజు నుంచి ఖల్లివల్లి బతుకే, అంటే సరైన కాగితాలు లేకుండా దాక్కుని బతకడమే. జబ్బు చేసినా ఆసుపత్రికి వెళ్ళడానికి భయపడే మనుషులతో నేను ఒకే గదిలో ఉన్నాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నాలుగోది సులువు. మెడికల్ పరీక్ష మీకు కేటాయించిన సెంటర్లోనే చేయించుకోండి. ఈసీఆర్ వాళ్ళు ఈ-మైగ్రేట్‌లో క్లియరెన్స్, దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా తీసుకోవాలి. రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 10 లక్షలు. క్లియరెన్స్ అక్కర్లేనివాళ్ళూ ఈ బీమా తీసుకోండి. ప్రయాణం నవంబరు నుంచి ఫిబ్రవరి లోపే పెట్టుకోండి. జూన్, జూలైల్లో దిగినవాళ్ళకు ఆ ఎండకు మొదటి నెలలోనే ఇంటి మీద బెంగ పుడుతుంది.

అన్ని కాగితాలూ మూడు సెట్లు జిరాక్స్ తీయించండి. ఒకటి మీ చేతిసంచిలో, ఒకటి పెట్టెలో, ఒకటి ఇంట్లో భార్య దగ్గరో అమ్మ దగ్గరో ఉండాలి. నోటుపుస్తకంలో రాసిన ఆ పేజీ కూడా మూడు సెట్లలోనూ పెట్టండి. 1800 11 3090 నంబరు దాని వెనకాల రాయండి. ఇది మన విదేశాంగ శాఖ ప్రవాసుల సహాయ కేంద్రం.

దిగాక యజమాని మీకు అక్కడ మెడికల్, వేలిముద్రలు చేయించి అకామా, అంటే అక్కడ ఉండటానికి అనుమతి, వేయించాలి. అది పడేదాకా వారానికోసారి అడుగుతూ ఉండండి. కార్డు చేతికి రాగానే రెండు వైపులా ఫొటో తీసి ఇంటికి పంపండి. అందులో పని పేరు, యజమాని పేరు నోటుపుస్తకంలో కుడి పక్క రాసినవేనా కాదా అని ఇంట్లోవాళ్ళు ఆ రోజే సరిచూడాలి.