రోజుకో ఫోటో: తేడా ఎక్కడ కొడుతోంది, ఎలా సరిచేయాలి

ఎదురుగా ఉన్న కొండనో, చెరువునో, పాత బురుజునో రోజూ ఒక ఫోటో తీయడం మొదలుపెడితే నెల తిరక్కుండానే కొన్ని చిక్కులు వస్తాయి. కెమెరా మార్చాలేమో అనిపిస్తుంది. చాలాసార్లు అక్కర్లేదు. ఫోటోలో కనిపించే మార్పు ఆ చోటుదై ఉండాలి, మన చేతిది కాకూడదు. కింద చెప్పినవన్నీ అందుకోసమే.

నిన్నటి ఫోటో పక్కన ఇవాళ్టిది పెడితే కలవడం లేదు

నిలబడిన చోటు, ఫోన్ పట్టుకున్న ఎత్తు, జూమ్, వీటిలో ఏదో మారింది. గుర్తుకోసం దగ్గరున్న వస్తువొకటి, దూరంగా ఉన్నదొకటి ఎంచుకోండి. ఉదాహరణకు, దీపస్తంభం కొన సరిగ్గా బురుజు అంచును తాకేలా నిలబడండి. ఒక్క అడుగు పక్కకు జరిగినా ఆ రెండూ విడిపోతాయి, తప్పు వెంటనే తెలిసిపోతుంది. జూమ్ మాత్రం ఎప్పుడూ ఒకటే ఉంచండి.

మొదటి మూడు నెలలు నేనిలా చేయలేదు. ఆ ఫోటోలు వరుసగా తిప్పి చూస్తే చెట్టు పెరిగిందా, నేను దగ్గరికి జరిగానా అన్నది తేలడం లేదు. ఆ బాధ ఇంకా ఉంది.

టైమ్ సంగతి కూడా ముందే తేల్చుకోండి. మధ్యాహ్న సూర్యుడు ఏడాదిలో ఉత్తర దక్షిణాల మధ్య దాదాపు 47 డిగ్రీలు జరుగుతాడు. రుతువుల తేడా కనబడాలంటే గడియారం ప్రకారం ఒకే టైమ్‌కి తీయండి. ఒకేరకం వెలుతురు కావాలంటే సూర్యోదయం నుంచి లెక్కేసుకోండి.

ఆకాశం తెల్లగా పాలిపోతోంది, మబ్బులు కనబడటం లేదు

మబ్బు పట్టిన రోజు కూడా నేలకంటే ఆకాశానిదే ఎక్కువ వెలుగు. కెమెరా నేలను చూసి లెక్క కడితే పైభాగం పూర్తిగా తెల్లబడుతుంది. అలా పోయిన మబ్బులు ఎడిటింగ్‌లో తిరిగిరావు. నీడలను మాత్రం తర్వాత కొంతవరకు వెలిగించుకోవచ్చు. అందుకే ఫోన్‌లో మబ్బు మీద వేలుతో నొక్కి, వెలుతురు తగ్గించి తీయండి. కెమెరా అయితే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుగును మనమే పెంచుకునే, తగ్గించుకునే సెట్టింగ్) -1 దగ్గర మొదలుపెట్టండి.

పొగమంచు రోజున వైద్యం రివర్స్. తెల్లటి దృశ్యాన్ని కెమెరా మధ్యస్థమైన బూడిదరంగుకు లాగేస్తుంది, మంచు మురికిగా కనిపిస్తుంది. +1 పెట్టండి.

సాయంత్రపు ఎరుపు రావడం లేదు

ఆటో వైట్ బ్యాలెన్స్, అంటే రంగులను కెమెరా తనంతట తానే సరిచేసే సెట్టింగ్, ఆ ఎరుపును తప్పనుకుని సరిదిద్దేస్తోంది. డేలైట్‌కి మార్చి అక్కడే ఉంచేయండి.

కట్టడం వెనక్కి వాలిపోతున్నట్టుంది

ఫోన్‌ను పైవైపు వంచి తీస్తున్నారు. వెనక్కి నడిచి, ఫోన్‌ను నిట్టనిలువుగా పట్టుకోండి. కింద నేల ఎక్కువగా వస్తుంది, రానివ్వండి, తర్వాత కత్తిరించుకోవచ్చు. వెనక్కి వెళ్లే వీలు లేకపోతే ఎడిటింగ్‌లో సరిచేయాలి. అప్పుడు అంచులు కొంత పోతాయి కాబట్టి చుట్టూ ఖాళీ వదిలి తీయండి.

మనుషులు అడ్డం వస్తున్నారు

1838లో ఫోటోగ్రఫీ తొలినాళ్ల ఫ్రెంచివాడు డాగేర్ పారిస్ వీధిని తీసినప్పుడు ఎక్స్‌పోజర్‌కు నిమిషాలు పట్టింది. కదిలే జనం, బండ్లు ఫోటోలో పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ మనిషి మాత్రం మిగిలాడు. ఇప్పుడూ అదే కిటుకు పనిచేస్తుంది: ట్రైపాడ్ వేసి, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తగిలించి, షట్టర్‌ను చాలాసేపు తెరిచి ఉంచడమే. నన్నడిగితే మాత్రం ఒకరిద్దరిని ఉండనివ్వండి. గోడ ఎంత ఎత్తో మనిషి పక్కనుంటేనే తెలుస్తుంది.

ఫోటో అంతా మసక

ఏసీ గదిలోంచి ఉక్కపోతలోకి రాగానే చల్లటి లెన్స్ మీద గాల్లోని తేమ నీరుగా పడుతుంది. తుడిస్తే లాభం లేదు, గుడ్డ తీసేలోపే మళ్లీ పొర కమ్ముతుంది. లెన్స్ బయటి వేడికి వచ్చేదాకా ఆగండి. రాత్రి దీపాల నుంచి పొడుగాటి గీతలు వస్తుంటే అది వేలి జిడ్డు, మెత్తటి గుడ్డతో పోతుంది.

ఒక రోజు తప్పిపోయింది

ఖాళీగానే వదిలేయండి. మర్నాటి ఫోటోకి నిన్నటి తేదీ వేయకండి. వాన ఏ రోజు పడిందో చూడాలనుకున్నప్పుడు ఆ ఒక్క అబద్ధం వల్ల మిగతా తేదీల మీద కూడా నమ్మకం పోతుంది. ఫైల్ పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు రాయండి, వరుస చెడదు. కెమెరా బ్యాటరీ పూర్తిగా అయిపోయాక గడియారం సరిగ్గా ఉందో లేదో ఓసారి చూసుకోండి.