పాత కంప్యూటర్‌కి పప్పీ లినక్స్ – 7వ పాఠం: సేవ్ ఫైలు మొరాయిస్తే

పోయిన పాఠంలో పెన్‌డ్రైవు మీద ఫోసాపప్64 9.5 (పప్పీ లినక్స్‌లో ఒక రకం) ఎక్కించి, మొదటిసారి షట్‌డౌన్ చేసేటప్పుడు సేవ్ ఫైలు, అంటే మన మార్పులన్నీ దాచే ఫైలు తయారుచేసుకున్నాం. ఆ ఫైలు పాడైతే ఏం చెయ్యాలో, బయటినుంచి కలిపిన ఎస్ఎఫ్ఎస్ (ఒకే ఫైలుగా మూటకట్టిన) ప్రోగ్రాం తెరుచుకోకపోతే ఎక్కడ వెతకాలో ఈసారి చూద్దాం. ఆజ్ఞలన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. మీరు టైపు చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడాలి. మొదటిసారి వచ్చినచోట అక్షరం అక్షరం విడగొట్టి చెబుతాను.

అమలాపురం దగ్గర మా ఊళ్ళో కొబ్బరి వ్యాపారం చేసే ఇంటి కుర్రాడు ఒకడున్నాడు. దింపు దింపుకీ ఏ తోటలో ఎన్ని కాయలు దిగాయో, దింపు కూలి ఎంతయిందో ఒక పాత ల్యాప్‌టాప్‌లో రాసుకుంటాడు. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కరెంటు ఉంటేనే నడుస్తుంది. ఈదురుగాలికి కరెంటు పోయిన మర్నాడు దాన్ని చంకలో పెట్టుకుని వచ్చాడు.

"మావయ్యా, లెక్కలన్నీ పోయినాయి. ఆన్ చేస్తే కొత్తగా పెట్టినట్టు వస్తంది. ఆ సేవ్ ఫైలు తీసేసి మళ్ళీ మొదట్నించీ పెట్టేసుకోనా?"

"దాన్ని ముట్టుకోకురా. అందులో ఏముందో ముందు చూద్దాం" అన్నాను.

ఈ పాఠంలో మీరు ముందుగా పట్టుకోవాల్సింది ఇదే. తెర మీద కనబడనంత మాత్రాన ఫైలు పోయినట్టు కాదు. సేవ్ ఫైలు పెన్‌డ్రైవులో ఉన్నంతకాలం లోపలి సరుకులో చాలాభాగం బయటికి తీయొచ్చు. తొందరపడి చెరిపేస్తే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఎందుకలా అంటే పప్పీ కట్టుబాటు అలాంటిది. ఆత్రేయపురం పూతరేకు పొర విప్పి చూసినవాళ్ళకి తేలిగ్గా తెలుస్తుంది. ఒక రేకు మీద ఇంకో రేకు, పై రేకులోంచి కింది రేకు కనబడుతూ ఉంటుంది. పప్పీ అసలు సరుకంతా ఒక ఎస్ఎఫ్ఎస్ ఫైలు, అంటే నొక్కి మూటకట్టిన, చదవడానికే తప్ప రాయడానికి వీల్లేని రేకు. మనం కలుపుకునే లిబ్రెఆఫీస్ లాంటివి అలాంటి మరికొన్ని రేకులు. అన్నిటికన్నా పైన ఉండేది సేవ్ ఫైలు. రాత చివరికి చేరేది దాని మీదికే. పెన్‌డ్రైవు మీద నడిపితే మాత్రం అది ముందు ర్యామ్‌లో ఉండి, ఆ తర్వాత అక్కడికి చేరుతుంది. మీరు మార్చిన ప్రతి సెట్టింగూ, ఇన్‌స్టాల్ చేసిన ప్రతి పెట్ ప్యాకేజీ (పప్పీ సొంత ప్రోగ్రాం మూట) అక్కడికే చేరతాయి. పైనున్న రేకుదే చెల్లుబాటు. అందుకే గొడవ వస్తే సాధారణంగా పై రేకులోనే వస్తుంది. కింద ఉన్నవి మారవు కనుక మామూలు వాడకంలో అవి చెక్కుచెదరవు.

కాబట్టి మొదటి పరీక్ష పై రేకు తీసి చూడటం. బూట్ మెనూలో సేవ్ ఫైలు లేకుండా మొదలుపెట్టే వరుస ఉంటే దాన్ని ఎంచుకోండి. లేకపోతే మామూలు వరుస మీద ఉండగా ఇ అక్షరం నొక్కి, వీఎంలినుజ్ (వి, ఎం, ఎల్, ఐ, ఎన్, యు, జెడ్) అన్న పేరున్న వరుస చివర ఒక ఖాళీ వదిలి పిఫిక్స్=ర్యామ్ చేర్చండి. పి, ఎఫ్, ఐ, ఎక్స్, ఈక్వల్ గుర్తు, ఆర్, ఎ, ఎం. మధ్యలో ఎక్కడా ఖాళీ ఉండకూడదు. ఇది ఆ ఒక్కసారికే పనిచేస్తుంది, దేన్నీ చెరపదు. ఇలా బూట్ చేస్తే పప్పీ సేవ్ ఫైలు జోలికి పోకుండా ర్యామ్‌లోనే నడుస్తుంది. ఇప్పుడు అంతా సజావుగా ఉంటే యంత్రం మంచిదే, పప్పీ మంచిదే, తేడా సేవ్ ఫైలులో ఉందన్నమాట. ఇక్కడా తేడాగానే ఉంటే పెన్‌డ్రైవునో, ర్యామ్‌నో, అసలు ఎస్ఎఫ్ఎస్‌నో అనుమానించాలి.

కుర్రాడి యంత్రం ఈ పరీక్షలో శుభ్రంగా లేచింది. డెస్క్‌టాప్ కింద పెన్‌డ్రైవు బొమ్మ మీద నొక్కితే కిటికీ తెరుచుకుంది, సేవ్ ఫైలు అక్కడే ఉంది, పేరు చివర 4ఎఫ్ఎస్ అని. ఆ చివరి ముక్కను బట్టి లోపల ఫైళ్ళు పేర్చింది ఎక్స్‌ట్4 పద్ధతిలో అని తెలుస్తుంది. ముందుగా దాన్ని ఇంకో డిస్కులోకి కాపీ చేశాం. రిపేరుకి ముందు నకలు తీయకుండా నేను ఎవరి సేవ్ ఫైలు మీదా చెయ్యి వెయ్యను, మీరూ వెయ్యొద్దు.

తర్వాత అదే కిటికీలో రైట్‌క్లిక్ చేసి, విండో అన్న మెనూలోంచి టెర్మినల్ హియర్ తెరిచాం. టెర్మినల్ అంటే ఆజ్ఞలు టైపు చేసే కిటికీ. ఇ2ఎఫ్ఎస్‌సికె అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత ఎఫ్, మళ్ళీ ఖాళీ, సేవ్ ఫైలు పేరు. ఇ, అంకె 2, ఎఫ్, ఎస్, సి, కె. పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా పట్టింపు ఉంటుంది, తెర మీద ఉన్నది ఉన్నట్టే రాయండి. ఆ ఫైలు మౌంట్ అయి (తెరుచుకుని వాడకంలో) ఉన్నప్పుడు ఈ పని చెయ్యకూడదు. ర్యామ్‌లోనుంచి బూట్ అవ్వడం అందుకే. తప్పు దొరికిన ప్రతిచోటా సరిచెయ్యమంటావా అని అడుగుతుంది, వై కొట్టాలి. కుర్రాడు గుక్క తిప్పుకోకుండా తెరకేసి చూస్తూ కూర్చున్నాడు. అయిదు నిమిషాలు పట్టింది. మామూలుగా రీబూట్ చేస్తే లెక్కల పట్టీ లేచింది, చివరి రోజు రాసిన కొన్ని వరుసలు మాత్రం లేవు. రిపేరులో ఏ ఫోల్డర్‌దో తేలని ముక్కలు దొరికితే లాస్ట్+ఫౌండ్ అన్న ఫోల్డర్‌లో అంకెల పేర్లతో పడి ఉంటాయి, అక్కడా చూడండి.

ఇంత చేసే ఓపిక లేనప్పుడు బూట్ వరుసలో పిఫిక్స్=ఎఫ్ఎస్‌సికె (ఈక్వల్ గుర్తు తర్వాత ఎఫ్, ఎస్, సి, కె) అని చేర్చినా పప్పీయే తనిఖీ చేసుకుంటుంది. నకలు మీ దగ్గర ఉంటేనే అలా చెయ్యండి.

కొన్నిసార్లు ఫైలు బాగానే ఉంటుంది, పప్పీకి కనబడదంతే. ఎవరో పేరు మార్చి ఉంటారు, లేదా వేరే ఫోల్డర్‌లోకి జరిపి ఉంటారు. పేరు, చోటు పాతవే ఉండేలా చూస్తే చాలు. అలాంటప్పుడు షట్‌డౌన్‌లో కొత్త సేవ్ ఫైలు చెయ్యమంటావా అని అడిగితే వద్దనండి.

మన కుర్రాడి కథ ఇంకా ఉంది. లెక్కలు దొరికాయి కానీ లిబ్రెఆఫీస్ రైటర్ తెరుచుకోలేదు. కూపీ లాగితే తేలిందేమిటంటే, వాడి సేవ్ ఫైలు 512 ఎంబీ. బ్రౌజరు క్యాషే సగం తినేసింది. జాగా కోసమని లిబ్రెఆఫీస్ ఎస్ఎఫ్ఎస్ కలిపి ఉండగానే దాని ఫోల్డర్‌లో పెద్దగా కనబడ్డ కొన్నిటిని చెరిపేశాడు. జాగా రవ్వంత కూడా పెరగలేదు. ఎలా పెరుగుతుంది? కింది రేకులో ఉన్నదాన్ని పప్పీ చెరపలేదు కదా. బదులుగా పై రేకులో "ఇది లేదు" అని ఒక చీటీ అంటిస్తుంది. ఫోసాపప్‌లో ఆ చీటీ ఒక దాపుడు ఫైలు, పేరు చుక్క, డబ్ల్యూ, హెచ్, చుక్క, ఆ తర్వాత చెరిపిన ఫైలు పేరు. ఎస్ఎఫ్ఎస్‌ని ఎన్నిసార్లు తీసి మళ్ళీ కలిపినా చీటీ పైనే ఉంటుంది, ప్రోగ్రాంకి ఆ ముక్క కనబడదు.

విరుగుడు ఇది. మళ్ళీ పిఫిక్స్=ర్యామ్‌తో లేపి, సేవ్ ఫైలు మీద నొక్కితే మౌంటై తెరుచుకుంటుంది. కిటికీ పైన కన్ను బొమ్మ నొక్కితే దాపుడు ఫైళ్ళు కనబడతాయి. లిబ్రెఆఫీస్ ఉండే ఫోల్డర్‌లోకి వెళ్ళి, ఆ ప్రోగ్రాం పేర్లతో ఉన్న చీటీలు మాత్రమే తీసేయాలి. చుక్క డబ్ల్యూహెచ్ చుక్క అన్నది పేరులో రెండుసార్లు వరసగా వస్తే అది పప్పీ సొంత అవసరానిది, వదిలేయండి. రేకులు కలపడానికి ఓవర్‌లే అన్న మరో పద్ధతి వాడే కొత్త పప్పీల్లో చీటీ వేరే రూపంలో, అదే పేరుతో ఒక డివైస్ ఫైలుగా ఉంటుంది.

చీటీల గొడవ లేకుండానే ఎస్ఎఫ్ఎస్ మొండికేస్తే నాలుగు చోట్ల చూడండి. డౌన్‌లోడ్ సగంలో ఆగిందేమో ఎండీ5సమ్ (ఎం, డి, అంకె 5, ఎస్, యు, ఎం) కొట్టి, ఖాళీ వదిలి ఫైలు పేరు రాసి, వచ్చిన అక్షరాల వరుసను దించిన చోట ఇచ్చినదానితో పోల్చండి. మన పల్లెల్లో సెల్ డేటాతో దించినప్పుడు నాకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. 64 బిట్ పప్పీకి 64 బిట్‌దే తెచ్చారా, మీ పప్పీ కోసం కట్టినదేనా చూడండి. కలిసింది గానీ ప్రోగ్రాం లేవడం లేదంటే టెర్మినల్‌లో ఎల్‌డీడీ (ఎల్, డి, డి) కొట్టి, ఖాళీ వదిలి ఆ ప్రోగ్రాం దారి, అంటే ఫోల్డర్లతో సహా పేరు రాయండి. నాట్ ఫౌండ్ అని వచ్చిన వరుసే లేని లైబ్రరీ (ప్రోగ్రాం నడవడానికి కావలసిన తోడు ఫైలు). మెనూలో పేరు రాకపోతే ఫిక్స్‌మెనూస్ (ఎఫ్, ఐ, ఎక్స్, ఎం, ఇ, ఎన్, యు, ఎస్) అని కొట్టి, కిటికీలనూ మెనూనూ నడిపే జేడబ్ల్యూఎంని రీస్టార్ట్ చేస్తే సరిపోవచ్చు.

ఇక జాగా సంగతి. యుటిలిటీ మెనూలో సేవ్ ఫైలు పెంచే పనిముట్టు ఉంది, ఎంత పెంచాలో చెబితే రీబూట్‌లో పెరుగుతుంది. పెన్‌డ్రైవు ఫార్మాట్ ఫ్యాట్32 అయితే ఒక్క ఫైలు 4 జీబీ దాటదు. అయినా పెంచడం కన్నా మీ సొంత పత్రాలను సేవ్ ఫైలులో పెట్టకపోవడం మేలు. ఎంఎన్‌టి (ఎం, ఎన్, టి) అన్న ఫోల్డర్ కింద హోమ్ అని ఉంటుంది, అది సేవ్ ఫైలు ఉన్న డిస్కే. అక్కడ ఒక ఫోల్డర్ చేసి అందులో రాసుకుంటే, సేవ్ ఫైలు పూర్తిగా పోయినా పత్రాలు బయటే ఉంటాయి. కుర్రాడి లెక్కల పట్టీని ఆ రోజే అక్కడికి మార్చాం. పెన్‌డ్రైవు మీద నడిపేవాళ్ళు డెస్క్‌టాప్ మీద ఉన్న సేవ్ బొమ్మను కూడా మరవకండి. ర్యామ్‌లో ఉన్న రాతను సేవ్ ఫైలులోకి చేర్చేది అదే. గాలి లేచిందంటే ముందు దాన్ని నొక్కాలి.

ఈ వారం సాధన: పాడవ్వకుండానే ఒకసారి పిఫిక్స్=ర్యామ్‌తో బూట్ చేసి, మీ సేవ్ ఫైలుకి నకలు తీసి, ఆ నకలు మీద ఇ2ఎఫ్ఎస్‌సికె నడపండి. వచ్చే పాఠంలో కంపైల్ పనిముట్లుండే డెవ్ఎక్స్ ఎస్ఎఫ్ఎస్ కలిపి, చిన్న ప్రోగ్రాం ఒకటి సొంతంగా కంపైల్ చేద్దాం. మీ పప్పీ వెర్షన్‌కి సరిగ్గా సరిపోయే డెవ్ఎక్స్ ఈలోగా దించి ఉంచుకోండి.