సెట్సుబున్ రాత్రి గింజలు చల్లడం ఎలా

వసంతం మొదలయ్యే ముందు రోజు భూతాలను తరిమే జపాన్ పండుగ సెట్సుబున్. ఇది మామూలుగా ఫిబ్రవరి 3న వస్తుంది. 2025లో మాత్రం 2నే వచ్చింది, అందుకే ముందు క్యాలెండర్ చూసుకోండి. జపాన్ సూపర్‌మార్కెట్లలో ‘ఫుకుమామే’ అని వేయించిన సోయా గింజలు అమ్ముతారు. కొన్ని ప్యాకెట్లలో కాగితపు ఓని (భూతం) ముసుగు కూడా ఉంటుంది. పచ్చి గింజలు వద్దు. ఏ మూలో నక్కిన గింజ మొలకెత్తితే అరిష్టమంటారు.

చీకటి పడ్డాక ఒకరు ముసుగు పెట్టుకుని ఓని అవ్వాలి. మా ఇంట్లో ఆ డ్యూటీ నాదే. తలుపు తీసి బయటికి ‘ఓని వా సోతో’, లోపలికి ‘ఫుకు వా ఉచి’ అని అరుస్తూ చల్లండి: భూతం బయటికి, భాగ్యం లోపలికి. వెంటనే తలుపు మూసేయాలి. మొహం మీద కొట్టొద్దని పిల్లలకు ముందే చెప్పండి. మొదటి ఏడాది నేను చెప్పలేదు, ముసుగు కన్నంలోంచి ఒకటి సూటిగా కంటికే తగిలింది.

నా అసలు టెన్షన్ ఊడ్చడమే. సోఫా కింద మార్చిలో కూడా దొరికేవి. ఇప్పుడు చిన్న పొట్లాలను విప్పకుండానే విసురుతున్నాం. ఉత్తర జపాన్‌లోని హొక్కైదోలోనైతే తొక్కతో ఉన్న వేరుశనగలు చల్లుతారు, ఏరుకుని తినొచ్చు. తెలివైనవాళ్లు!

ఆఖర్న వయసెంతో అన్ని గింజలు తినాలి. 5 ఏళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకు పెట్టకండి, గొంతుకి అడ్డం పడతాయి. ఎహోమాకి అనే పొడవాటి సుషీ రోల్‌ను ఆ ఏటి శుభదిక్కుకి తిరిగి, మాట్లాడకుండా, కోయకుండా తినేయడమే.