పలాస జీడిపప్పుతో పాలు లేని పిజ్జా

పాలు, వెన్న ఏవీ తగలకుండా పిజ్జా చేయాలంటే తలనొప్పంతా చీజ్ దగ్గరే. వీగన్ చీజ్ ఆన్‌లైన్‌లో తెప్పిస్తే చిన్న ప్యాకెట్‌కే బోలెడు ఖర్చు, శ్రీకాకుళం ఎండలకి అది ఇంటికి ఏ అవతారంలో చేరుతుందో చెప్పలేం. జీడిపప్పుకి పేరున్న పలాస, కాశీబుగ్గ పక్కనే ఉండగా మనకెందుకా అవస్థ? చీజ్‌ని జీడిపప్పుతో ఇంట్లోనే చేసుకుందాం. గుండు పప్పు వద్దు, ఎలాగూ రుబ్బేదే కదా, ముక్క పప్పు తెచ్చుకోండి, చవకలో అయిపోతుంది.

100 గ్రాముల పప్పుని మరిగిన నీళ్లలో అరగంట నానబెట్టి, ఆ నీళ్లు వంపేసి, కప్పు మంచినీళ్లు, రెండు పెద్ద చెంచాల సగ్గుబియ్యం పిండి, ఒక వెల్లుల్లి రెబ్బ, అరచెక్క నిమ్మరసం, ఉప్పు, చిటికెడు ఆవపిండి వేసి పలుకు లేకుండా రుబ్బండి. పనసకాయకి ఆవ పెట్టే ఇళ్లలో ఆవపిండి సంగతి చెప్పక్కర్లేదు, ఎక్కువైతే చేదు. తర్వాత సన్న సెగ మీద గరిటె ఆపకుండా కలపాలి. మొదట పలచగానే ఉంటుంది, ఉన్నట్టుండి ఉండలు కట్టినట్టవుతుంది, కంగారు పడకండి, సగ్గుబియ్యం పిండి ఉడుకుతోందన్నమాట. ఇంకాస్త కలిపితే నున్నగా సాగుతుంది, అప్పుడు దించేయండి.

బేస్‌కి రెండు కప్పుల మైదా, చెంచాడు ఇన్‌స్టంట్ ఈస్ట్, చెంచాడు పంచదార, ఉప్పు, రెండు చెంచాల నూనె, సుమారు ముప్పావు కప్పు గోరువెచ్చని నీళ్లు. పది నిమిషాలు గట్టిగా మర్దించి మూతపెట్టండి. వేసవిలో గంటకే రెట్టింపవుతుంది, చలికాలంలో ఇంకా ఆగాలి. చోడిపిండి (రాగిపిండి) కలుపుతానంటే అరకప్పు మైదా తగ్గించి ఆ మేరకే కలపండి. చోళ్లలో గ్లూటెన్ ఉండదు, అంతకు మించితే పిండి సరిగ్గా పొంగదు. బజార్లో రెడీమేడ్ బేస్ కొంటే మాత్రం లేబుల్ చదవండి, పాలపొడి ఉండొచ్చు. ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారమని అర్థం, పాలు లేవని కాదు.

సాస్ మామూలే: టమాటాలు, వెల్లుల్లి, ఎండుమిర్చి, నూనె తేలేదాకా మగ్గించాలి. నీళ్లుంటే బేస్ మెత్తబడిపోతుంది.

పైన వేయడానికి క్యాప్సికం, ఉల్లిపాయ ఎవరైనా వేస్తారు, కానీ ఎండాకాలం మన జిల్లాలోని ఉద్దానం ప్రాంతపు పనసకాయలు దొరికే రోజుల్లో లేతది తెచ్చి, చేతులకి నూనె రాసుకుని కోసి, పసుపు, ఉప్పు వేసి ఉడికించి, పీచులుగా విడదీసి, కారం, మిరియాలతో వేయించి చల్లండి. నా ఓటు దానికే.

ఓవెన్ ఉంటే వీలైనంత ఎక్కువ వేడిలో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. లేకపోతే పిండిని రెండు భాగాలు చేసి, ఒక్కోటీ పలచగా ఒత్తి, ఇనుప పెనం మీద ఒకవైపు కాల్చి తిరగేయండి. కాలిన వైపు సాస్, చీజ్, పనస వేసి మూతపెట్టి, సన్న సెగ మీద ఐదారు నిమిషాలు ఉంచండి. పెనం మీద చీజ్ పైన ఎర్రబడదు, రుచికి లోటేం లేదు.

చీజ్ మిగిలితే ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటుంది. గట్టిపడితే కాసిన్ని వేడినీళ్లు కలిపి దోశ మీద రాసుకోండి.