లైపో బ్యాటరీ ఛార్జ్ కావడం లేదా? తప్పు ఎక్కడుందో చూసుకోండి

రేడియో కంట్రోల్ విమానాలు, కార్లలో వాడే లిథియం పాలిమర్ (లైపో) ప్యాక్ ఛార్జ్ కాకపోతే చాలామంది ముందుగా ఛార్జర్‌నే అనుమానిస్తారు. అయితే బ్యాలెన్స్ కనెక్టర్ (ప్రతి సెల్ నుంచీ సన్న తీగలు వచ్చి చేరే చిన్న ప్లగ్) దగ్గర మల్టీమీటర్ పెట్టి ఒక్కొక్క సెల్ వోల్టేజీని విడిగా చూస్తే, అసలు లోపం చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.

సమస్య: ఛార్జింగ్ మొదలుపెట్టగానే ఛార్జర్ ‘లో వోల్టేజ్’ అని చూపి ఆగిపోతోంది.

ముందు సెట్టింగ్ చూడండి. మూడు సెల్‌ల ప్యాక్ పెట్టి నాలుగు సెల్‌లని ఎంచుకున్నా ఇదే సందేశం వస్తుంది. సెట్టింగ్ సరిగానే ఉంటే, ఏదో ఒక సెల్ 3.0 వోల్టుల కంటే దిగువకు పడిపోయి ఉంటుంది. ఆట ముగిశాక ప్యాక్‌ను విప్పకుండా కారులోనే వదిలేయడం దీనికి తరచుగా కనిపించే కారణం. స్విచ్ ఆపినా కొన్ని స్పీడ్ కంట్రోలర్లు (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరాలు) కొద్దికొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటాయి. ఇలాంటి ప్యాక్‌ను నికెల్ బ్యాటరీ మోడ్‌లో పెట్టి కాసేపు ఛార్జ్ చేసి లేపే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. దాన్ని నేను సమర్థించను. ఆ మోడ్‌లో సెల్‌కు 4.20 వోల్టుల హద్దు ఉండదు. పైగా మరీ లోతుగా ఖాళీ అయిన సెల్‌లో రాగి రేకు కరిగి, తిరిగి ఛార్జ్ చేసినప్పుడు లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. ఆ ప్యాక్‌ను పక్కన పెట్టేయడమే మేలు.

సమస్య: బ్యాలెన్స్ ఛార్జింగ్ (సెల్‌లన్నిటినీ ఒకే వోల్టేజీకి తెచ్చే ఛార్జింగ్) ఎంతకీ పూర్తి కావడం లేదు.

ఒక సెల్ రీడింగ్ అసహజంగా తక్కువగా, దాని పక్క సెల్‌ది అంతే ఎక్కువగా ఉండి, రెండింటి మొత్తం మాత్రం సరిపోతుంటే సెల్‌లను అనుమానించనక్కరలేదు. ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న సన్న తీగ పిన్ వదులైందన్నమాట. పిన్ సరిచేస్తే రీడింగ్ కుదుటపడుతుంది. అలా కాకుండా రెండు సెల్‌లు 4.20 దగ్గర నిలిచి, మూడోది ప్రతిసారీ 4.05 దగ్గరే వెనకబడుతుంటే ఆ సెల్ అరిగిపోయినట్టే.

సమస్య: ప్యాక్ వేడెక్కుతోంది, లేదా ఉబ్బుతోంది.

వేడికి కారణం సాధారణంగా ఎక్కువ కరెంటు. తయారీదారు వేరే చెప్పకపోతే 1సీ (ప్యాక్ సామర్థ్యం అంకెకు సమానమైన కరెంటు) దాటకండి. అంటే 2200 ఎంఏహెచ్ ప్యాక్‌కు 2.2 ఆంపియర్లు. దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి, స్టార్ట్ నొక్కేముందు ఆ అంకెను మళ్లీ చదవండి. ఉబ్బు కనిపిస్తే మాత్రం కారణం వెతుకుతూ కూర్చోకుండా వెంటనే ఛార్జింగ్ ఆపి, ప్యాక్‌ను ఆరుబయట, మండే వస్తువులకు దూరంగా పెట్టి గమనించండి. గుచ్చడం, నొక్కడం ఎంతమాత్రం చేయకండి.

నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్ నిండకముందే ఆగిపోతుంటే డెల్టా పీక్ (నిండాక వోల్టేజీ కాస్త పడటాన్ని గుర్తించి ఛార్జింగ్ ఆపే పద్ధతి) సున్నితత్వాన్ని కాస్త తగ్గించి చూడండి. ఏ రకమైనా సరే, మంట అంటుకోని నేల మీద పెట్టి, ఛార్జింగ్ అయ్యేదాకా అదే గదిలో ఉండండి. కొన్ని రోజులు వాడకపోయేటట్లయితే లైపో సెల్‌ను 3.80 నుంచి 3.85 వోల్టుల మధ్య నిలిపి దాచండి.