ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్: దరఖాస్తు ఎలా చేయాలి, ఎలా తయారవ్వాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి

విదేశాల్లో చదువుకు, వీసాలకు అడిగే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్. అందులో మాట్లాడే విభాగమైన స్పీకింగ్ అనగానే అందరికీ ఇంగ్లిష్ భయమే ముందు పట్టుకుంటుంది. కానీ కొందరికి ఒక్క ప్రశ్న కూడా ఎదురుకాకుండానే పరీక్ష చేజారిపోతుంది. పాస్‌పోర్టులో ఒక పేరు, బుకింగ్‌లో ఇంకో పేరు ఉంటుంది. లేదా కావలసింది ఒక పరీక్ష, ఏజెంటు బుక్ చేసింది ఇంకోటి. ఫీజు పోతుంది, దాంతోపాటు అడ్మిషన్ గడువూ దాటిపోతుంది. అందుకే ముందు దరఖాస్తు సంగతి చూద్దాం, మాట్లాడే సంగతి తర్వాత.

ఏ పరీక్ష కావాలో ముందే తేల్చుకోండి

ఐఈఎల్‌టీఎస్‌లో అకడమిక్, జనరల్ ట్రైనింగ్ అని రెండు రకాలున్నాయి. స్పీకింగ్, లిజనింగ్ రెండింటికీ ఒకటే. తేడా అంతా రీడింగ్, రైటింగ్‌లో. చదువుకు వెళ్లేవాళ్లను ఎక్కువగా అకడమిక్ అడుగుతారు. కెనడాలో స్థిరపడాలనుకునేవాళ్లు దరఖాస్తు చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి మాత్రం జనరల్ ట్రైనింగే కావాలి. అకడమిక్‌లో ఎంత మంచి బ్యాండ్ (ఐఈఎల్‌టీఎస్ స్కోరు) వచ్చినా అక్కడ పనికిరాదు.

బ్రిటన్ వీసా అయితే ఇంకాస్త జాగ్రత్త కావాలి. కొన్ని వీసాలకు మామూలు ఐఈఎల్‌టీఎస్ చెల్లదు, ‘ఐఈఎల్‌టీఎస్ ఫర్ యూకేవీఐ’ (యూకేవీఐ అంటే బ్రిటన్ వీసా విభాగం) పేరుతో, ఆమోదించిన కేంద్రంలో రాసిందే చెల్లుతుంది. ప్రశ్నల తీరు ఒకటే కాబట్టి ‘రెండూ ఒకటేలెండి’ అని ఎవరైనా అంటే నమ్మకండి, వీసా అధికారి చూసేది సర్టిఫికెట్ మీద ఏముందో. కుటుంబ వీసా, స్థిర నివాసం వంటి వాటికి లైఫ్ స్కిల్స్ అనే వేరే పరీక్ష ఉంది. అందులో మాట్లాడడం, వినడం మాత్రమే చూస్తారు. మామూలుగా ఇంకో అభ్యర్థితో కలిసి కూర్చోవాలి, బ్యాండ్లు ఉండవు, పాస్ లేదా ఫెయిల్ అంతే. ఆ ఒక్కటీ సరిపోయేవాళ్ల చేత నాలుగు విభాగాల పరీక్ష రాయించి, దానికి కోచింగ్ ఫీజు కూడా వసూలు చేసేవాళ్లున్నారు. మీ వీసా నిబంధనల పేజీని, మీరు చేరబోయే కాలేజీ పేజీని మీ కళ్లతో మీరే చదవండి. అర్థం కాకపోతే కాలేజీ అడ్మిషన్ల విభాగానికే మెయిల్ రాసి అడగండి, జవాబు రాతపూర్వకంగా చేతిలో ఉంటుంది.

కావలసిన బ్యాండ్ ఎంతో కూడా ఆ పేజీలోనే ఉంటుంది. ‘మొత్తం 6.5, ఏ విభాగంలోనూ 6కు తగ్గకూడదు’ అని ఉందనుకుందాం. ఒకరికి 7, 6.5, 6, స్పీకింగ్‌లో 5.5 వచ్చాయి. సగటు 6.25, దాన్ని 6.5గా పైకి సవరిస్తారు. మొత్తం సరిపోయింది, అయినా స్పీకింగ్ 6 కన్నా తక్కువ వచ్చింది కాబట్టి దరఖాస్తు ఆగిపోతుంది. మొత్తం బ్యాండ్ ఒక్కటే చూసుకుని నిశ్చింతగా ఉండకండి.

ఎక్కువమంది దెబ్బతినేది పాస్‌పోర్టు దగ్గర

బుకింగ్ ఆన్‌లైన్‌లో అరగంట పని. ఖాతా తెరవాలి, పరీక్ష రకం, కేంద్రం, తేదీ ఎంచుకోవాలి, పాస్‌పోర్టు వివరాలు నింపాలి, ఫీజు కట్టాలి. ఇందులో కష్టమేమీ లేదు. పొరపాటు జరిగితే అది పాస్‌పోర్టు వివరాల గడుల్లోనే.

పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయాలి. పదో తరగతి మెమోలో ఎలా ఉందో, బ్యాంకు ఖాతాలో ఎలా ఉందో ఇక్కడ అక్కర్లేదు. పాస్‌పోర్టులో పూర్తిగా ఉన్న ఇంటిపేరును ఫారంలో ఒక్క పొడి అక్షరానికి కుదించకండి. పాస్‌పోర్టులో పొడి అక్షరమే ఉంటే దాన్ని విడదీసి పూర్తిపేరు చేయకండి. రెండు మాటల పేరును కలిపి రాయకండి. సర్‌నేమ్, గివెన్ నేమ్ తారుమారు కాకుండా చూసుకోండి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, ఫారం మాత్రం ఆ గడి నింపమంటే ఊహించి ఏదో ఒకటి పెట్టేయకండి. అలాంటివాళ్లు ఏం రాయాలో పరీక్ష కేంద్రాన్నే అడిగి, వాళ్లు చెప్పినట్టే నింపండి.

పాస్‌పోర్టు నంబరు విషయంలో ఇంకో చిక్కుంది. బుక్ చేసేటప్పుడు పాత పాస్‌పోర్టు నంబరు ఇస్తారు, ఈలోగా అది రెన్యువల్ అయి కొత్త నంబరు వస్తుంది. పరీక్ష రోజు చేతిలో ఉన్నది కొత్తది, జాబితాలో ఉన్నది పాతది. రెన్యువల్ దగ్గరపడితే ముందు అది పూర్తిచేసుకుని బుక్ చేయండి. బుక్ చేశాక మారితే, పరీక్షకు ముందే కేంద్రానికి మెయిల్ చేసి నంబరు మార్పించుకోండి. పరీక్ష రోజుకు పాస్‌పోర్టు గడువు మిగిలి ఉండాలి. అసలు పాస్‌పోర్టే తీసుకెళ్లాలి, జిరాక్సు గానీ ఫోన్లో ఫొటో గానీ చెల్లవు.

అక్షరం తేడా ఉందని పది రోజుల ముందు గమనిస్తే కంగారు అక్కర్లేదు. పాస్‌పోర్టు కాపీ జతచేసి కేంద్రానికి మెయిల్ రాస్తే సరిచేస్తారు. అది మీరు బుకింగ్ నిర్ధారణ మెయిల్ తెరిచి, పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసినప్పుడే బయటపడుతుంది. ఆ మెయిల్ మీ దగ్గర లేకపోతే?

చాలామంది దగ్గర ఉండదు. ఏజెంటు తన మెయిల్‌తో, తన ఫోన్ నంబరుతో ఖాతా తెరిచి ఉంటాడు. తేదీ మారినా, కేంద్రం మారినా కబురు అతనికే వెళ్తుంది. ఫలితం మీకన్నా ముందు అతను చూస్తాడు. మీ ఖాతా మీరు తెరవలేరు కాబట్టి రీమార్కింగ్ అడగాలన్నా అతని చుట్టూ తిరగాలి. ఎవరి సాయమైనా తీసుకోండి, తప్పులేదు. మెయిల్, ఫోన్ నంబరు, పాస్‌వర్డ్ మాత్రం మీవే అయి ఉండాలి, ఫీజు రసీదు మీ మెయిల్‌కే రావాలి. ఇప్పటికే వేరేవాళ్ల మెయిల్‌తో బుక్ అయి ఉంటే గొడవపడకుండా ముందు కేంద్రానికి రాయండి. మీ పాస్‌పోర్టు చూపించి సంప్రదింపు వివరాలు మార్చమని అడగండి.

‘పరీక్ష రాయకుండానే బ్యాండ్ ఇప్పిస్తాం’, ‘ఈసారి రాబోయే ప్రశ్నలు మా దగ్గరున్నాయి’ అనేవాళ్ల మాట వినకండి. సర్టిఫికెట్ మీది నంబరుతో యూనివర్సిటీలు, వీసా కార్యాలయాలు ఫలితాన్ని ఆన్‌లైన్‌లో నేరుగా సరిచూసుకుంటాయి. దొంగ కాగితం అక్కడే దొరికిపోతుంది. అబద్ధపు పత్రం పెట్టారని తేలితే కెనడా 5 ఏళ్లు, బ్రిటన్ 10 ఏళ్ల దాకా తలుపు మూసేయగలవు. డబ్బు తీసుకున్నవాడి సంగతి ఎలా ఉన్నా, పేరు పాడయ్యేది మీదే.

నత్తి, వినికిడి లోపం వంటి ఇబ్బందులున్నవాళ్లు బుక్ చేసేటప్పుడే వైద్య ధ్రువపత్రంతో కేంద్రానికి తెలియజేయండి. తగిన ఏర్పాటు చేయడానికి వాళ్లకు వ్యవధి కావాలి. పరీక్ష గదిలో చెబితే ఆలస్యమైపోతుంది.

గదిలో ఏం జరుగుతుంది

స్పీకింగ్ మిగతా మూడు విభాగాల రోజే ఉండొచ్చు, కొద్ది రోజులు అటూ ఇటూ కూడా ఉండొచ్చు. దాని తేదీ, సమయం విడిగా చూసుకోండి. కొన్ని కేంద్రాల్లో ఎగ్జామినర్ ఎదురుగా కాక వీడియోలో కనిపిస్తారు, పరీక్ష మాత్రం అదే. మొత్తం 11 నుంచి 14 నిమిషాలు, అంతా రికార్డవుతుంది. రికార్డరును చూసి బెదరకండి, రేపు మీరు రీమార్కింగ్ అడిగితే మీ తరఫున ఉండే సాక్ష్యం అదే.

మొదటి భాగం 4-5 నిమిషాలు. పేరు అడిగి, గుర్తింపు చూసి, ఇల్లు, పని, చదువు, ఇష్టాల గురించి అడుగుతారు. రెండు మూడు వాక్యాలు చెబితే చాలు. ప్రశ్న వినపడకపోతే మళ్లీ చెప్పమని అడగండి, దానికి మార్కులు పోవు. అర్థం కాని ప్రశ్నకు తోచిన జవాబు చెప్పడమే నష్టం.

రెండో భాగంలో ఒక కార్డు ఇస్తారు. రాసుకోవడానికి కాగితం, పెన్సిలు, ఆలోచించుకోవడానికి 1 నిమిషం ఉంటాయి. ఆ తర్వాత ఎవరూ అడ్డురాకుండా 1 నుంచి 2 నిమిషాలు మాట్లాడాలి. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కూడా తడబడేది ఇక్కడే, కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

కార్డు ఇలా ఉందనుకోండి: ‘మీరు బాగుచేసిన ఒక వస్తువు గురించి చెప్పండి. అదేమిటి, ఎలా పాడైంది, ఎలా బాగుచేశారు, చేశాక మీకేమనిపించింది.’ చాలామంది నాలుగింటికీ నాలుగు వాక్యాలు చెప్పేస్తారు. గడియారం చూస్తే అర నిమిషం కూడా కాదు. ఆపైన చెప్పిందే మళ్లీ చెప్పడం, నసగడం, చివరికి మౌనం. ఆ ఒక్క నిమిషంలో వాక్యాలు రాసుకోవాలని చూడడం ఇంకో తప్పు. మామూలు వేగంతో 2 నిమిషాలు మాట్లాడితే 250 మాటల దాకా అవుతాయి. అంత రాయడానికి నిమిషం చాలదు. మొదటి రెండు వాక్యాలు రాసేసరికి సమయం అయిపోతుంది, మిగతాదానికి చేతిలో ఏమీ ఉండదు.

వాక్యాలు వద్దు, విడి మాటలు రాయండి. ఫ్యాను అనుకుంటే: ‘ఫ్యాను, వేసవి రాత్రి, చప్పుడు, స్క్రూ వదులు, తమ్ముడు టార్చి పట్టాడు, తప్పు వైరు, మళ్లీ విప్పాం, నిద్ర’. ఎనిమిది గుర్తులు చాలు. ‘తప్పు వైరు’ దగ్గర అర నిమిషం నిలబడండి, ఏ వైరు, ఎవరు గమనించారు, అప్పుడు ఏమన్నారు అని. అన్నింటినీ తాకుతూ పోకుండా ఒకచోట ఆగి వివరంగా చెబితే సమయం దానంతటదే గడుస్తుంది. జరిగిన సంగతి కాబట్టి కథంతా భూతకాలంలోనే నడవాలి, మధ్యలో వర్తమానంలోకి జారిపోవడం చాలామందిలో కనిపించే తప్పు. రెండు నిమిషాలు దాటగానే ఎగ్జామినర్ మధ్యలో ఆపుతారు. అది తప్పు చేశారని కాదు, సమయమైందని.

బట్టీ పట్టిన జవాబులు కూడా ఇక్కడే బయటపడతాయి. కార్డు మీద గుక్కతిప్పుకోకుండా మాట్లాడినా, అది అయ్యాక ఎగ్జామినర్ ఒకటి రెండు చిన్న ప్రశ్నలు అడగొచ్చు: ‘ఇలాంటివి మీవాళ్లలో ఇంకెవరైనా బాగుచేస్తారా?’ కొనుక్కున్న జవాబులో ఇది ఉండదు. అప్పటిదాకా సాఫీగా సాగిన మాట ఒక్కసారిగా ముక్కలవుతుంది. ఆ తేడా పట్టుకోవడానికి ఎగ్జామినర్లకు శిక్షణ ఉంటుంది. కోచింగ్ సెంటర్ ఇచ్చే జవాబుల కట్ట చదవండి, మాటలు ఏరుకోండి, కానీ సంగతి మాత్రం మీ జీవితంలోదే చెప్పండి. మీ అనుభవం నిజమా కాదా అని ఎవరూ ఆరా తీయరు. తెలిసిన సంగతికి వివరాలు వెతుక్కోనక్కర్లేదన్నదే లాభం.

మూడో భాగం 4-5 నిమిషాల చర్చ. వస్తువులు బాగుచేసుకోవడం ఎందుకు తగ్గిపోతోంది, కంపెనీల బాధ్యతేమిటి, ఇలా నడుస్తుంది. అభిప్రాయం చెప్పండి, కారణం చెప్పండి, ఒక ఉదాహరణ ఇవ్వండి. ప్రశ్న అర్థం కాకపోతే వేరే మాటల్లో చెప్పమనొచ్చు. ‘దీని గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు, కానీ...’ అని మొదలుపెట్టినా నష్టం లేదు, మాట ముందుకు సాగితే చాలు.

ఇంట్లో సాధన

మార్కులు నాలుగింటికి సమానంగా, పావు వంతు చొప్పున ఉంటాయి: ధార-పొందిక (రెండూ కలిపి ఒకటి), పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. రోజూ ఒక కార్డు తీసుకుని ఫోన్లో రికార్డు చేయండి. నిమిషం ఆలోచన, రెండు నిమిషాల మాట. తర్వాత వినండి. ఈ వినడం చాలామంది మానేస్తారు, మన గొంతు మనకే ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి. కానీ ఎక్కడ ఆగిపోతున్నారో, ఏ మాట పదేపదే వాడుతున్నారో తెలిసేది అక్కడే. విన్నాక అదే కార్డు మీద కాగితం చూడకుండా మళ్లీ మాట్లాడండి. కొత్త కార్డులు వంద తిరగేయడం కన్నా ఒక్కటే రెండోసారి బాగా చెప్పడం ఎక్కువ పని చేస్తుంది.

తప్పులన్నీ ఒకేసారి దిద్దుకోవాలని చూడకండి, మాట బిగుసుకుపోతుంది. వారానికి ఒక్కటి చాలు. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ ఒక వారం, ‘షి గోస్’లో చివరి ‘స్’ మింగేయడం ఇంకో వారం.

మన యాసకు మార్కులు తగ్గవు. విన్నవాళ్లు కష్టపడకుండా అర్థం చేసుకోవాలి, అంతే. దానికి అడ్డొచ్చేవి కొన్నే: మాట చివర ‘ఉ’ చేర్చి బస్‌ను ‘బస్సు’ అనడం, ఎగ్‌ను ‘యెగ్’ అనడం, జూ, జీబ్రా మాటల్లోని ‘జడ్’ శబ్దాన్ని ‘జ’తోనే సరిపెట్టడం. అన్నిటికన్నా ముఖ్యం, మాటలో ఏ అక్షరాన్ని నొక్కాలో తెలియడం. ఫొటోగ్రాఫ్‌లో మొదటి అక్షరం, ఫొటోగ్రఫీలో రెండోది. అన్ని అక్షరాలనూ ఒకే బరువుతో పలికితే తెలిసిన మాట కూడా ఎదుటివాళ్లకు అందదు. తెచ్చిపెట్టుకున్న విదేశీ యాస వద్దు, అది రెండో నిమిషానికి జారిపోతుంది.

ఐఈఎల్‌టీఎస్‌కు బదులు పీటీఈ అకడమిక్ అనే కంప్యూటర్ పరీక్ష రాసేవాళ్లకు ఎదురుగా మనిషి ఉండరు, మైకే ఉంటుంది. అక్కడ 3 సెకన్లు మౌనంగా ఉంటే రికార్డింగ్ ఆగిపోతుంది. తప్పు దొర్లినా వెనక్కి వెళ్లి దిద్దకుండా ముందుకే సాగాలి. చుట్టూ మిగతా అభ్యర్థులు కూడా మాట్లాడుతుంటారు, కాబట్టి నిశ్శబ్దమైన గదిలో మాత్రమే సాధన చేయడం చాలదు. పాస్‌పోర్టు, పేరు విషయంలో పైన చెప్పిన జాగ్రత్తలన్నీ అక్కడా వర్తిస్తాయి.

ఫలితం వచ్చాక

స్కోరు 2 ఏళ్లు చెల్లుతుంది. అందుకే దరఖాస్తులకు మరీ ముందు రాసేయకండి. స్పీకింగ్ ఒక్కటే తగ్గితే రెండు దారులున్నాయి. పరీక్ష తేదీ నుంచి 6 వారాల లోపు రీమార్కింగ్ అడగొచ్చు, అప్పుడు రికార్డింగ్‌ను ఇంకో ఎగ్జామినర్ వింటారు, బ్యాండ్ మారితే కట్టిన ఫీజు తిరిగొస్తుంది. కంప్యూటర్‌లో రాసినవాళ్లకు, సదుపాయం ఉన్న కేంద్రాల్లో, 60 రోజుల లోపు ఒక్క విభాగాన్నే మళ్లీ రాసే వీలుంది. కానీ ఆ స్కోరును అన్ని సంస్థలూ ఒప్పుకోవు. మీ కాలేజీ గానీ వీసా కార్యాలయం గానీ తీసుకుంటుందో లేదో కనుక్కున్నాకే డబ్బు కట్టండి. మిగతా విభాగాలు బాగుండి, స్పీకింగ్ అర బ్యాండ్‌తో ఆగిపోయి, మీరు బాగానే మాట్లాడానని గట్టిగా అనుకుంటే ముందు రీమార్కింగ్ అడగండి. రెండో భాగంలో నిమిషానికే ఆగిపోయిన సంగతి మీకే గుర్తుంటే ఆ డబ్బు మిగుల్చుకుని మళ్లీ రాయడానికి పెట్టుకోండి.